చిన్నల్లుడి కొత్త ఇంజన్

షాబాద్ దారిలో వాగు నీళ్ళలో ఆనంద్ బాబు కారు ఆగిపోయి ఇంజన్ పాడైందని తెలిసిన సాయంత్రం, సుకుమార్ మొయినాబాద్‌లో మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికి వెళ్ళాడు.

ఏమిటి విశేషమని భార్య కృపాజ్యోతి అడిగింది. ఊరికే తినాలనిపించిందన్నాడు. పాపం మా మరిది, ఇంజన్ మొత్తం పోయిందట అని ఆమె బాధపడింది. సుకుమార్ కూడా పాపం అన్నాడు. అని, ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

సుకుమార్, ఆనంద్ బాబు తోడల్లుళ్లు. కృపాజ్యోతి చెల్లెలు ఎస్తేర్ ఆనంద్ బాబు భార్య. కిందటేడు ఇద్దరూ ఒకే నెలలో ఒకే రకం కారు, ఒకే రంగుది కొన్నారు. చేవెళ్ల చర్చి ముందు రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి పాస్టర్ గారు ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకుంటే సుకుమార్ మాత్రం ఒక కన్ను తెరిచి, పాస్టర్ గారి చెయ్యి ఎవరి బానెట్ మీద ఎక్కువసేపు ఉందో చూశాడు. ఆనంద్ బాబు కారు మీదే ఉంది. ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు అల్లుళ్ళకూ చేవెళ్లలో అత్త సారమ్మ ఇంట్లోనే భోజనం. ఫ్యాను కింద కుర్చీ ఎవరిది, కోడికూర ముందు ఎవరి కంచంలో పడుతుంది, సుకుమార్‌కు అన్నీ లెక్కే. పెద్దల్లుడన్న మర్యాద తప్ప అతనికి ఆ ఇంట్లో వేరే బలం లేదు మరి.

తరువాతి ఆదివారం ఆనంద్ బాబు చర్చికి నడిచి వస్తాడనుకున్నాడు. అతను ఇంకా పెద్ద కారులో దిగాడు. తన బండి తయారయ్యేదాకా తిప్పుకొమ్మని కంపెనీ వాళ్ళే ఇచ్చారన్నాడు. సుకుమార్‌కు ఆ రోజు పాస్టర్ గారి వాక్యం ఒక్క ముక్క చెవిన పడలేదు.

కొన్నాళ్ళకు పాత కారే తిరిగి వచ్చింది, కొత్త ఇంజన్‌తో.

"వారంటీల చేసిన్రన్నా. ఒక్క పైస తీసుకోలే," అన్నాడు ఆనంద్ బాబు, అన్నం కలుపుతూ.

సారమ్మ కార్జం ముక్క తీసి అతని కంచంలో వేసింది. "మా చిన్నల్లుడు హుషారు. కంపెనోళ్ళ మెడలు వంచిండు," అంది.

సుకుమార్ తన కంచంలో పడ్డ ఎముకను పక్కకు నెట్టాడు. ఎస్తేర్ వైపు చూశాడు. మెడ బోసిగా ఉంది, చేతులకు బంగారు గాజులు లేవు. ఏవని కృపాజ్యోతి అడిగితే కంసాలి దగ్గర ఉన్నాయంది. పాతవి చెరిపి ఇంకా పెద్దవి చేయిస్తున్నారన్నమాట.

అసలు ఏం జరిగిందో మళ్ళీ చెప్పమన్నాడు. నీళ్ళలోకి పోయాను, ఆగింది, సెల్ఫ్ కొట్టాను, అంతేనని ఆనంద్ బాబు చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. ముఖం కూడా చూడలేదు. కొత్త ఇంజన్ పొగరు అనుకున్నాడు సుకుమార్.

ఆ రోజు నుంచీ తన కారు తనకే ముసలిదిగా కనిపించసాగింది. బండికి ఏ జబ్బూ లేదు. అదే అతని బాధ. గుండ్రాయిలా ఉన్న బండికి కొత్త ఇంజన్ ఎవడిస్తాడు?

ముసురు పట్టి వాగు మళ్ళీ పొంగింది. షాబాద్‌లో పనుందని చెప్పి సుకుమార్ కారు తీశాడు. వాగు దగ్గర బండ్లన్నీ ఆగి ఉన్నాయి. గట్టు మీద ట్రాక్టరు ఆపుకున్న యాదయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోకు సార్, నడుమల ఆగుతది."

సుకుమార్‌కు కావలసిందీ అదే. నడిమధ్యలో ఆగింది. తోడల్లుడు చెప్పినట్టే సెల్ఫ్ కొట్టాడు. లోపల ఏదో టప్పుమంది. ప్యాంటు మడుచుకుని, ఈలపాటతో ఒడ్డుకు వచ్చాడు. కారును యాదయ్య ట్రాక్టరుతో లాగాడు.

మొయినాబాద్ సర్వీస్ సెంటర్లో మేనేజర్ ఉదయ్‌భాస్కర్ ఇంజన్ విప్పించి చూసి తల అడ్డంగా ఊపాడు. నీళ్ళు పోయి చెడితే వారంటీ వర్తించదన్నాడు. సుకుమార్ నవ్వాడు. మా తోడల్లుడికి ఇచ్చారుగా అన్నాడు. మేమెవరికీ ఇవ్వం అన్నాడు మేనేజర్.

సుకుమార్ అప్పటికప్పుడు ఫోన్ చేసి ఆనంద్ బాబును పిలిపించాడు. రాగానే భుజం పట్టి మేనేజర్ ముందుకు తోశాడు.

"నీకెట్ల ఇచ్చిన్రో జర చెప్పు వీళ్ళకు."

మేనేజర్ ఆనంద్ బాబును చూసి, గుర్తుపట్టి, చూపు కంప్యూటర్ మీదికి తిప్పుకున్నాడు. ఆనంద్ బాబు సుకుమార్ చెయ్యి పట్టుకుని బయటికి, విప్పిన ఇంజన్‌తో నిలబడ్డ కారు దగ్గరికి తీసుకొచ్చాడు.

"నాకు గూడ ఇయ్యలే అన్నా, ఎస్తేర్ బంగారమంత అమ్మి ఇంజన్ ఏపిచ్చిన, ఆ పెద్ద కారు గూడ కిరాయిదే, నువ్వు నవ్వుతవని వారంటీ అని చెప్పిన."