షాంఘైలో పచ్చవల

“ఏమయ్యా, ఇటు చూడు, ఎంత పెద్ద టవరో!” గోమతి మళ్ళీ మొగుడి చెయ్యి పట్టి లాగింది. షాంఘై చూడ్డానికి బయల్దేరినప్పటి నుంచీ ఇదే వరస.

గుడియాత్తం మేస్త్రి కుప్పుసామి విసుగ్గా చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగాడు. అక్కడ కడుతున్న మేడ చుట్టూ పచ్చటి వల.

“అది ఎందుకమ్మా?” ఇక్కడే ఉద్యోగం చేసే కూతుర్ని అడిగాడు.

సుగన్య తల దించుకుంది. “పైనుంచి పనోళ్ళు జారితే పట్టుకునేదానికి నాయనా.”

కుప్పుసామి కూలబడ్డాడు. “కాట్పాడి బిల్డింగుకు దిష్టిబొమ్మ కట్టినానే గానీ, వల కట్టలేదే తల్లీ! కట్టుంటే నీ తమ్ముడు బతికుండును గదా!”

గోమతి పక్కనే కూర్చుని, కొంగుతో అతని మొహం తుడిచింది.

“ఈ ఊర్లో యాడ చూసినా అవేనయ్యా. నీ కంట పడగూడదనే ఇట్లా లాక్కుంటా తిరిగినా.”