పిల్ల ఎవుల్ది?

తాడు బిగించిన రేకుపెట్టె మీద కొత్త గౌను వేసుకుని కూర్చుంది మిరియం. కాళ్ళు ఊపుతోంది. రైలెక్కుతానన్న సంబరం దానిది.

వాళ్ళమ్మ జగ్గమ్మ గుమ్మానికి అడ్డంగా కూలబడి ఉంది.

మాది పక్క వాటా. అరవై ఎనిమిదిలో మా వారికి చీపురుపల్లి బళ్ళో ఉద్యోగం. గోల విని, చేతిలో చేటతో సహా పరిగెత్తాను.

పిల్ల తండ్రి ఎలియాస్. గోగునార కొనడానికి కలకత్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నెత్తిన టోపీ చూసి ఊరంతా నార సాయిబు అనేవారు. సాయిబు కాదు, యూదుడు.

పెళ్ళంటూ జరగలేదు గానీ జగ్గమ్మతో కాపురం చేశాడు. తెలుగు దాని దగ్గరే నేర్చాడు. అచ్చం ఈ ఊరి యాసే.

ఆ వంటిల్లు చూసి నేను ముక్కున వేలేసుకునేదాన్ని. పాల గిన్నెలు ఓ మూల, మాంసం దాకలు ఇంకో మూల. ఒకదానికొకటి తగలకూడదు. శనివారం నిప్పు ముట్టకూడదు కనక, శుక్రవారం పొద్దు వాలకముందే మర్నాటి తిండి కూడా వండేయాలి.

"ఈ అవస్థంతా ఎందుకే?" అంటే, "ఆయన పుస్తకంలో రాసున్నాదంట అమ్మగారూ," అనేది.

మడి కట్టుకునే నాకన్నా గట్టిగా పాటించేది, మహాతల్లి.

ఇప్పుడు కలకత్తాలో వాళ్ళవాళ్ళంతా ఒక్కొక్కరే లండన్ వెళ్ళిపోతున్నారట. నువ్వూ వచ్చెయ్యమని అక్కగారు కబురు పెట్టింది. శనివారం ప్రయాణం కూడదని బుధవారమే బయల్దేరాడు, పిల్లని తీసుకుని.

జగ్గమ్మని కాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"దాన్ని కూడా తీసుకెళ్ళచ్చుగా బాబూ?" అన్నాను.

"మాలో పుట్టినేదు కదమ్మా. మా పెద్దలు ఒప్పుకోరు," అన్నాడు తలెత్తకుండా.

"మీలో కలుపుకోమని ఒక్కనాడైనా ఆల్లనడిగినావా మావా?" అంది జగ్గమ్మ.

అడగలేదు. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

ఇంతలో పెట్టె మొయ్యడానికి వచ్చిన జగ్గమ్మ అన్న గంగులు విసుక్కున్నాడు.

"ఒలే, అడ్డు లెగు. బండికేళవతన్నాది. బావ నెత్తురు, బావ పిల్ల. బాబు కులమే గుంటకి. ఏ ఊరెల్లినా ఇదే నాయం. నీకు మంచి సంబందం సూసి మారుమనువు సేస్తాను."

గంగుల్ని నాలుగు దులుపుదామనుకున్నాను. నోరు రాలేదు. మా ఇళ్ళల్లోనూ అంతేగా, తండ్రి గోత్రమే పిల్లకి.

జగ్గమ్మ లేచి నిలబడింది. ఎలియాస్ చంకలో తెల్లగుడ్డ చుట్టిన పుస్తకం ఉంది. వాళ్ళ ధర్మశాస్త్రం. దాన్ని వేలితో చూపించింది.

"మావా, పాలగిన్ని గురించి అందులో ఉన్నాదన్నావు. శనోరం పొయ్యి గురించి ఉన్నాదన్నావు. అన్నీ ఇన్నాను. పిల్ల గురించి ఏటి రాసున్నాదో సెప్పు. బాబుదా, అమ్మదా?"

అయ్యో పిచ్చిదానా, అనుకున్నాను. అడక్క అడక్క పుస్తకాన్నే అడగాలా? ఆడదాని పక్షాన మాట్లాడిన శాస్త్రం నేనెక్కడా వినలేదు.

ఎలియాస్ పుస్తకాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

గంగులు నవ్వాడు. "సెప్పు బావా, బయమేటి? ఇనీసి ఊరుకుంటాది."

తండ్రిది అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఆ అక్షరాలు చదివేవాడు ఈ తాలూకా మొత్తంలో ఇంకొకడు లేడు.

ఎలియాస్ పిల్ల వంక చూశాడు.

"అమ్మది," అన్నాడు.

గంగులు నవ్వు ఆగిపోయింది.

"తల్లి మాలో మనిసి కాకపోతే పిల్లా మాది కాదు. కలకత్తాలో పెద్దల ముందర నీల్లలో ముంచితే మాలో కలస్తాది. అందుకే తీసికెల్దామని..." అన్నాడు.

"ముంచకముందు?"

"నీదే జగ్గమ్మా."

"మరి నా పిల్లని నాను పంపనంటే ఎలాగ తీసికెల్తావు?"

ఎలియాస్ నేలమీద మోకరిల్లి పిల్లని పెట్టె మీంచి దింపాడు. తాడు విప్పబోతే ముడి రాలేదు. గంగులే వంగి విప్పాడు.

చిన్న చిన్న గౌనులు ఒక్కొక్కటే తీసి జగ్గమ్మ చేతుల్లో పెట్టాడు. ఆమె అందుకుంది.

"నాన్నా, మరి నానో?" అంది మిరియం.

అతను రెండు చేతులూ దాని తలమీద ఉంచి, వాళ్ళ భాషలో ఏదో చదివాడు. పెట్టె మూసి, తనే భుజానికెత్తుకున్నాడు. సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాడు.

"తెలివి తక్కువోడు," అని గొణుక్కుంటూ గంగులు కూడా పోయాడు.

పిల్ల దొర్లి దొర్లి ఏడుస్తోంది. అయినా నా సంతోషం పట్టలేకపోయాను.

"గెలిచావే జగ్గమ్మా! నీ పిల్ల నీకు దక్కింది."

జగ్గమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. చూపు మాత్రం సందు మీదే ఉంది.

"ఒక్క అబద్దమైనా ఆడనేదు అమ్మగారూ," అంది. "ఇంక ఆయన్నేటని తిట్టుకుందును?"