ఆరున్నొకటి

రెండు ఆపరేటింగ్ సిస్టంలు, తారుమారైన పార్టిషన్ నంబర్లు. ఆ కంప్యూటర్ రిపేరుకి అప్పగిస్తూ కంకిపాడు మిల్లు రామకోటేశ్వరరావు, "ఆరున్నొకటి మాత్రం ముట్టుకోకు. పోయిన మా ఆవిడ రావమ్మ గొంతు అందులోనే ఉంది," అన్నారు.

ధాన్యం కొలిచేవాళ్లు ఒకటిని లాభం అంటారు; ఏడు అంటే ఏడుపని ఆ అంకె పలకరు, ఆరున్నొకటి అంటారు. బెజవాడ మెకానిక్ లక్ష్మీకాంత్‌కి అది తెలియదు. ఆరునీ ఒకటినీ ఉంచి, ఏడో పార్టిషన్ తుడిచేశాడు.

పోయింది ఆ గొంతేనని తెలిశాక, "డిస్కే పాడైందండీ," అని అబద్ధమాడాడు.

"నువ్వేం చేస్తావులే నాయనా," అన్నారాయన. లక్ష్మీకాంత్ తలెత్తలేకపోయాడు.

ఆ రాత్రి షాపులో ఒంటరిగా ఏడో పార్టిషన్ తెరిచాడు. ఫైళ్లేమీ లేవు. అయినా స్పీకర్లో వడ్లు జారిన చప్పుడు. ఆడగొంతు కొలుస్తోంది: "లాభం... రెండు... మూడు..."

ఆరు దగ్గర ఆగింది.

"ఏడు," అంది. "ఏడు, నాయనా."