శ్రుతియంత్రం ఆగిన వేళ

సికింద్రాబాద్ స్టూడియోలో ఒక చిన్న ఆర్కెస్ట్రా పాతకాలపు జర్మన్ స్వరకర్త ఒకరి సింఫనీలు రికార్డు చేస్తోంది. అప్పటికి ఎక్కడ చూసినా శ్రుతి దిద్దే యంత్రాలే. ఎవరెలా వాయించినా హెడ్‌ఫోన్లలోకి వచ్చేసరికి స్వరం చక్కబడేది.

సన్నాయిలాంటి ఓబో వాయించే ప్రిసిల్లాకు ఆ యంత్రమంటే ఒళ్ళుమంట. తన సోలో రాగానే పంతం పట్టి ఊదడం మానేసింది. అయినా యంత్రం పుణ్యాన అందరి హెడ్‌ఫోన్లలో ఓబో మధురంగా మోగింది.

"బ్రహ్మాండం, ప్రిసిల్లా!" అన్నాడు కండక్టర్ జెరెమయ్య.

"నేను ఊదితే కద సార్!" అంటూ ఆమె లేచి యంత్రం ప్లగ్గు పీకేసింది. "హెడ్‌ఫోన్లు తీయండి. మనం అసలు ఎట్ల వాయిస్తున్నమో ఒక్కసారి ఇందాం."

వాయించారు. వయొలిన్లది ఒక దారి, సెల్లోలది ఒక దారి. సంత గోలే నయం.

"మా ఇజ్జత్ తీయనీకేనా ఇదంతా?" సెల్లో ప్రభుదాస్ అరిచాడు. "ముందుగాల నువ్వు ఊదు, చూద్దాం!"

ఆర్కెస్ట్రాకు శ్రుతి ఇవ్వాల్సింది ఓబోయే. ప్రిసిల్లా ఊదింది. ఆ స్వరమూ వణికి కిందికి జారింది. అందరూ పగలబడి నవ్వారు. జెరెమయ్య పళ్ళు నూరుతూ వెళ్ళి ప్లగ్గు పెట్టాడు.

అందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని మళ్ళీ వాయించసాగారు. ప్రిసిల్లా మాత్రం తగిలించుకోలేదు. ఆ గోల మధ్యనే, ఆ ఒక్క స్వరం నిలబడేదాకా ఊదుతూ కూర్చుంది.