ఎవరు పంపారో ఏమో!

"ముట్టుకోకు!"

అక్క పెట్టిన కేకకు చెల్లెలి వేలు మౌస్ మీదే బిగుసుకుపోయింది. ఫ్లెక్సీ మిషన్ రొదలో కూడా ఆ కేక ప్రింటింగ్ షాపంతా వినిపించింది.

"పిల్లల పుస్తకాల కంపెనీవాళ్లేమో అక్కా! నా బొమ్మలు నచ్చితే కథ పంపుతామన్నారుగా."

"పేరూ లేదు, ఊరూ లేదు. 'ఫైలు పెద్దది, లింకు నొక్కండి' అట! కంపెనీవాళ్లు ఇలా పంపుతారటే? పోయిన నెల ఇలాంటిదే నొక్కితే మన డిజైన్లన్నీ గంగపాలయ్యాయి, మర్చిపోయావా?"

అదీ నిజమే. అప్పట్నుంచి ముక్కూ మొహం తెలియని లింకులేవైనా మూలనున్న పాత కంప్యూటర్లోనే తెరవాలి. దానికి మిగతావాటితో పొత్తు లేదు, పోతే అదొక్కటే పోతుంది.

"నేను చూస్తాలే. నువ్వు ఆ బ్యానర్ పని కానియ్."

చెల్లెలు ఒక కన్ను బ్యానర్ మీద, ఇంకో కన్ను మూల మీద వేసి కూర్చుంది. ఆ పుస్తకం వస్తే చాలు, బ్యానర్ల మీద ఎవరెవరి మొహాలనో తెల్లబరిచే ఈ బతుకు తప్పుతుంది. అక్క మాత్రం చాలాసేపు తెర ముందు నుంచి కదల్లేదు.

"వైరస్సే," అంది చివరికి. "నీ ఆశ కనిపెట్టి ఎవడో వల వేశాడు. ఆ మెయిలు తీసిపారెయ్."

చెల్లెలు తీసిపారేసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆశ పెట్టుకున్నవాళ్లను ఇంత మోసం చేస్తారా?

"నువ్వు లేకపోతే నిండా మునిగేదాన్ని అక్కా!"

చెయ్యి పట్టుకుని బొమ్మలు నేర్పిన అక్క, ఆమె తల నిమిరి, టీ తాగొస్తానని బయటికెళ్లింది.

చెల్లెలు బ్యానర్ పని పక్కన పెట్టేసింది. ఆ దొంగలు ఇంకెంతమందిని ముంచుతారో! పాపం, కంపెనీవాళ్ల చెవినైనా వేయాలి కదా. వాళ్ల పుస్తకమొకటి తీసి, వెనక అట్ట మీదున్న నంబరుకు ఫోన్ చేసింది.

"బొమ్మలు పంపాను కదండీ, ఆ అమ్మాయిని. మీరు పంపినట్టుగా ఎవరో వైరస్ లింకు పంపారు. మీరూ జాగ్రత్తండీ!"

"వైరసేంటమ్మా?" అవతల ఆవిడ ఆశ్చర్యపోయింది. "అది మేం పంపిన కథే, హడావిడిలో పేరు రాయలేదు. నీకు తీరిక లేదని, బొమ్మలు తనే వేస్తానని మీ అక్క ఇప్పుడే ఫోన్ చేసి ఒప్పుకుందిగా!"