ఉప్పు తక్కువైన కూర

కంచం ముందు కూర్చుంటే నా భార్య సుగుణమణి నోరు విప్పదు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. డ్యూటీ దిగి వచ్చి ఆమె పక్కన తింటుంటే గోడ పక్కన తిన్నట్టే ఉండేది. తెలంగాణ వచ్చిందని చెప్పినా, కంచం కడిగాకే "ఔనా" అంది.

మొన్న గోదావరిఖని చర్చి హాల్లో, చిన్నప్పుడు ఆమెతో హాస్టల్లో పెరిగిన ఆడవాళ్లంతా కలిశారు. నేను తోడు వెళ్లాను. పొద్దుటి నుంచీ ఒకటే నవ్వులు, ముచ్చట్లు. నాకు ఒళ్లు మండింది.

"గిన్ని మాటలు ఇంట్ల ఏడ దాస్తవే?"

"నువ్వు అన్నం కాడనే అడుగుతవు" అంది.

మధ్యాహ్నం అన్నం వడ్డించారు. హాలంతా మూగబోయింది. ముసలమ్మలందరూ తలలు వంచి, చప్పుడు లేకుండా గబగబా తింటున్నారు.

వడ్డించే అవ్వదీ అదే హాస్టలు. గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "వార్డెనమ్మ సచ్చి ఎన్నేండ్లాయెనే. మాట్లాడితె కంచం గుంజుకునేటోళ్లు ఎవ్వలున్నరిప్పుడు?"

ఎవరూ తల ఎత్తలేదు.

చాలాసేపటికి సుగుణమణి నా వైపు తిరిగింది. "కూరల ఉప్పు తక్కువైంది" అంది.

"నాకు సుత" అంది పక్కామె.

"ఇటు సుత తే, తమ్మీ" అంది ఇంకొకామె.

ఉప్పు గిన్నె పట్టుకుని వరుసంతా తిరిగాను. తర్వాత కూర్చుని తిన్నాను. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది.