అల్లుడికి ట్రేడ్ టెస్టు

గుమ్మం బయట బూట్లు విప్పాడు సన్యాసిరాజు. గుమ్మం లోపల బూట్ చెయ్యమన్నారు.

పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడికి ఏ ఇంట్లోనైనా ముందు స్వీటు పెడతారు. ఉక్కునగరంలో దేవీప్రసాద్ గారి క్వార్టర్లో మాత్రం ముందు టెస్టు పెడతారు. ఆయన స్టీల్‌ప్లాంటులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్. వర్క్‌షాపులోకి ఫిట్టర్ని తీసుకోవాలంటేనే ట్రేడ్ టెస్టు ఉన్నప్పుడు, ఇంట్లోకి అల్లుణ్ణి తీసుకోవడానికి ఉండొద్దా అని ఆయన వాదన.

"ప్రేమించి తెచ్చుకున్నోడికి గ్యారంటీ ఉండదు. టెస్టు సేసి తెచ్చుకున్నోడికి ఉంటాది" అంటారు. ప్రేమ అన్న మాట ఆ ఇంట్లో టీవీ కూడా గొంతు తగ్గించి పలకాల్సిందే.

ఇంతకుముందు వచ్చినతను మిక్సీ విప్పి బిగించేసరికి స్క్రూలు మిగిలాయి. సంబంధం మిగల్లేదు. ఆ తర్వాతి అతను ఫ్యాను బాగుచేశాడు. అది గాలిని సీలింగుకేసి విసిరింది. ఆయన అతన్ని గేటుకేసి విసిరారు. ఈ లెక్కన కూతురు హేమశ్రీకి పెళ్ళయ్యేలోపు ఇంట్లో వస్తువులైపోతాయని భార్య కామేశ్వరికి బెంగ.

ఇవాళ్టికి ఆయన నీళ్ళ మోటారు సిద్ధం చేసుకున్నారు. తీరా పొద్దున్నే కంప్యూటర్ కన్నుమూసింది. వైరస్‌ల గోల ఉండదని హేమశ్రీయే అందులో లినక్స్ వేసింది. ఆదివారం కదా అని ఆమే 'అప్‌గ్రేడ్' నొక్కింది. కొత్త కెర్నల్ వచ్చింది. కెర్నల్ అంటే ఆ యంత్రానికి గుండెకాయ. గుండెకాయ మార్చారు, మనిషి లేవలేదు.

దేవీప్రసాద్ గారు బాధపడలేదు. గంతేశారు.

"దేవుడిచ్చిన ఫాల్టు! దీని ముందు మోటారెంత!"

స్విచ్ వేశారు. నల్ల తెర మీద తెల్లక్షరాలు గడగడా పరిగెత్తి, 'కెర్నల్ ప్యానిక్' దగ్గర చతికిలబడ్డాయి.

"ఏటంతన్నాదది?" కుర్రాడి తల్లి తాయారు భయంగా అడిగింది.

"కెర్నల్ కంగారు పడిపోతన్నాడమ్మా" అన్నారు దేవీప్రసాద్ గారు.

"కల్నల్ గారే కంగారు పడితే మావోడేటి సేత్తాడండి? ఎలమంచిల్లో ఎన్‌సీసీలో కూడా సేరలేదు!"

సన్యాసిరాజు చొక్కా చేతులు మడిచాడు. పేరులో సన్యాసం ఉన్నా కళ్ళలో సంసారం స్పష్టంగా కనిపిస్తోంది.

"ఏటి బాబూ, ఫార్మాట్ కొట్టేద్దామా?" దేవీప్రసాద్ గారు ఎర వేశారు.

"తలుపు బిగుసుకుపోతే ఇల్లు కూల్సేత్తామేటి మావయ్యగారూ?"

"అప్పుడే మావయ్యనైపోనానా? ముందు దాన్ని లేపు!"

కుర్రాడు కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, ఓ మీట నొక్కిపట్టాడు. ఒక మెనూ వచ్చింది. అందులో పాత కెర్నల్‌ని ఎంచాడు.

"కొత్తోడు డ్యూటీకి రాకపోతే పాతోణ్ణి ఓవర్‌టైముకి పిలుత్తారు కదండీ? ఇదీ అంతే."

ఫోర్‌మన్ గారి మీసం కదిలింది.

మళ్ళీ నల్ల తెరే. కానీ ఈసారి బుద్ధిగా ఆగి, ఏదో అడిగింది. కుర్రాడు టకటకా కొట్టాడు. తెర మీద చుక్క కూడా పడలేదు. అయినా పని ముందుకి సాగింది. ఆ వేళ్ళ వేగానికే దేవీప్రసాద్ గారు మనసులో సగం మార్కులు వేసేశారు.

హేమశ్రీ టీలు తెచ్చింది. కుర్రాడు ఒక గుక్క తాగాడు.

"అయ్యో, ఆ కప్పులో అమ్మాయి పంచదార వెయ్యలేదే!" కామేశ్వరి నాలిక్కరుచుకుంది.

"పర్లేదండి. నాను పంచదార ఏసుకోను."

"జాతకాలే కాదు, టీలు కూడా కలిసిపోనాయి!" తాయారు మురిసిపోయింది.

ఇంతలో కుర్రాడు చిటికేశాడు.

"దొరికిందండీ! బూట్ అని ఓ గదుంటాది. పాత కెర్నల్స్ అన్నీ అందులోనే తిష్ఠేసి కూకున్నాయి. కొత్తది జాయినైంది గానీ సామాను దించుకోడానికి సోటు లేదు. సామాను లేకుండానే డ్యూటీ ఎక్కీసింది. పడిపోనాది."

"అంటే రిటైరైనోళ్ళు క్వార్టర్ కాళీ సెయ్యలేదన్నమాట!" దేవీప్రసాద్ గారు తొడ చరిచారు. "నాకు తెలీని రోగమేటిది! అందర్నీ కాళీ సేయించీ!"

"ఒక్కణ్ణి ఉంచుదామండీ. రేపెప్పుడైనా మళ్ళీ ఓవర్‌టైముకి కావాల."

ఆ మాటతో మిగతా సగం మార్కులూ పడిపోయాయి.

ఖాళీ చేయించాడు. సామాను దింపించాడు. ఆపి, మళ్ళీ వేశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. హేమశ్రీ ఒక్కతే కరకరా జంతిక నములుతోంది.

తెర నిండా యారాడ సముద్రం బొమ్మ పరుచుకుంది.

"పాస్!" దేవీప్రసాద్ గారి అరుపుకి పక్క క్వార్టర్లో కుక్కర్ కూడా విజిల్ వేసింది. కామేశ్వరి పరుగున వెళ్ళి, బతికిపోయిన మోటారుకి దండం పెట్టింది. తాయారు కొడుకు నోట్లో లడ్డూ కుక్కింది.

"ముహూర్తం పెట్టించీండి. ఇలాంటోణ్ణి టెస్టు సేసే పట్టాల. ప్రేమా గీమా అంటే దొరుకుతాడేటి?" అన్నారు దేవీప్రసాద్ గారు. హేమశ్రీ తలొంచుకుంది.

వాళ్ళ ఆటో గేటు దాటింది. పాత పాటలు పెట్టుకుందామని ఆయన ఈల వేసుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సముద్రం మధ్యలో చిన్న పెట్టె పాస్‌వర్డ్ అడుగుతోంది. కామేశ్వరిని తాను చాటుగా పిలుచుకునే ముద్దుపేరు, దాని పక్కన ప్లాంటులో తన టోకెన్ నంబరు... ఒంటివేలితో కొడుతూ కొడుతూ, ఆయన వేలు గాల్లో ఆగిపోయింది.

ఈ పాస్‌వర్డ్ లోకంలో తనకీ హేమశ్రీకీ తప్ప ఎవరికీ తెలీదు. ఇందాక నల్ల తెర సన్యాసిరాజుని ఇదే అడిగింది గానీ, సన్యాసిరాజు ఎవర్నీ అడగలేదు.